పాత పికప్‌కు ఎయిర్ క్లీనర్ కొనే ముందు కొలత టేపు తీయండి

పాత పికప్ బానెట్ ఎత్తగానే ముందు కంటికి ఆనేది ఎయిర్ క్లీనరే, అంటే ఇంజిను పీల్చే గాలిని వడగట్టే డబ్బా. అందుకే చాలామంది దాన్ని నగలా చూసి కొంటారు. క్రోమ్ మూత, దాని మీద ఇంజిన్ సైజు తెలిపే అంకెలు, రెక్కల నట్టు ఉండాల్సిన చోట పుర్రె బొమ్మ. ఫోర్ట్ వర్త్ దగ్గర టెక్సాస్ మోటార్ స్పీడ్‌వేలో ఏటా జరిగే పాత బండ్ల విడిభాగాల సంత, పేట్ స్వాప్ మీట్‌కు వెళితే ఇలాంటివి బల్లల నిండా పేర్చి ఉంటాయి. బేరమాడితే చవగ్గానే ఇస్తారు. కానీ జేబులో టేపు, చేతిలో మీ బండి కొలతలు రాసుకున్న కాగితం లేకుండా ఆ బల్లల దగ్గరికి వెళ్లకండి.

నా బండి 1972 షెవర్లే సీ10. 350 ఘనపుటంగుళాల వీ8 ఇంజిను. డాలస్ శివార్లలో మా వీధిలో దాన్ని మించిన శబ్దం చేసే బండి లేదు. తెలుగువాళ్ల వనభోజనాలకు పెద్ద గిన్నెలు, గ్యాసు పొయ్యిలు మోసేది అదే కాబట్టి ఎవరూ ఏమీ అనరు. కంపెనీ నుంచి వచ్చిన క్వాడ్రాజెట్ కార్బురేటర్ (పెట్రోలును గాలితో కలిపే భాగం) తీసేసి, నాకు ముందున్న యజమాని 600 సీఎఫ్ఎం (నిమిషానికి అన్ని ఘనపుటడుగుల గాలి లాగే) ఎడెల్‌బ్రాక్ కార్బురేటర్ బిగించాడు. అసలు ఎయిర్ క్లీనర్ కూడా దానితోపాటే పోయింది. కాబట్టి కింద చెప్పేది ఎక్కువగా వీ8 షెవర్లేల గురించి. ఫోర్డ్, డాడ్జ్ పికప్‌ల వాళ్లు కొలిచే వరస ఇదే, అంకెలు మాత్రం సొంతంగా చూసుకోవాలి.

అసలు డబ్బా ఇంకా బండి మీదే ఉంటే, దాన్ని తీసి పారేసే ముందు ఒక్కసారి ఆగండి. పక్కకు పొడుచుకు వచ్చిన తొండంతో, నల్ల రంగుతో అది చూడటానికి అనాకారిగానే ఉంటుంది. పని మాత్రం శ్రద్ధగా చేస్తుంది. 1970ల మొదట్లోని చాలా బండ్లలో ఆ తొండం లోపల ఒక రేకు తలుపు ఉంటుంది. ఇంజిను చల్లగా ఉన్నప్పుడు ఆ తలుపు బయటి గాలిని ఆపి, ఇంజిను పొగ బయటికి పోయే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ చుట్టూ వేడెక్కిన గాలిని లోపలికి లాగుతుంది. పెట్రోలు ఆవిరవుతున్నప్పుడు కార్బురేటర్ గొంతు చల్లబడి, గాలిలోని తేమ అక్కడే మంచుగా పేరుకోవచ్చు. దాన్ని అడ్డుకోవడానికే ఈ ఏర్పాటు. ఎండు చలి కంటే తేమ చలి దీనికి ప్రమాదం. డాలస్‌లో ఇది లేకుండా నడిచిపోతుంది. సియాటిల్‌లాంటి చోట వర్షపు ఉదయాల్లో ఇంజిను మాటిమాటికీ ఆగిపోతుంటే ముందు అనుమానించవలసింది దీన్నే. తలుపు పని చేస్తోందో లేదో తెలుసుకోవడం తేలిక. దాని వ్యాక్యూమ్ గొట్టాన్ని చేతిపంపుతో లాగి పట్టి ఉంచితే తలుపు లేచి అలాగే నిలవాలి. కాసేపటికే జారిపోతే లోపలి పొర చిరిగిందన్న మాట.

కాలిఫోర్నియాలో ఉన్నవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. అక్కడ 1975, అంతకు ముందరి మోడళ్ల పెట్రోలు బండ్లకు పొగ పరీక్ష మినహాయింపు. 1976, ఆ తర్వాతి మోడళ్లకు బానెట్ ఎత్తి చూస్తారు, కంపెనీ అమర్చిన కాలుష్య నియంత్రణ సామగ్రి ఉండి తీరాలి. మీది 1977 బండి అయితే మెరిసే డబ్బా ఆశ వదులుకుని పాత డబ్బాకే రంగు వేయించండి.

అసలుది లేదు, లేదా తుప్పు తినేసింది అనుకుందాం. మొదటి కొలత కార్బురేటర్ మెడ. గాస్కెట్ కూర్చునే అంచు బయటి వ్యాసాన్ని కొలవండి. క్వాడ్రాజెట్, ఎడెల్‌బ్రాక్, హోలీ నాలుగు బ్యారెళ్లవాటికి (బ్యారెల్ అంటే గాలి దిగే గొంతు) సాధారణంగా 5-1/8 అంగుళాలు, అంటే 130 మిల్లీమీటర్లు. బజారులో దొరికే గుండ్రటి ఎయిర్ క్లీనర్లలో ఎక్కువ భాగం ఈ మెడకు చేసినవే. ఆరు సిలిండర్ల ఇంజిను మీదుండే ఒంటి బ్యారెల్ కార్బురేటర్ మెడ దీనికంటే బాగా చిన్నది. దానికి సరిపోయే అడుగు పళ్లెం వేరే కొనాలి, లేదా మధ్యలో రింగు వేయాలి. ఎయిర్ క్లీనర్‌ను పట్టి ఉంచే నిలువు మర కడ్డీ, అంటే స్టడ్, చాలావాటికి పావు అంగుళం మందం, అంగుళానికి 20 మరలు. ఉన్న స్టడ్‌కు ఒక నట్టు ఎక్కించి చూస్తే తెలిసిపోతుంది.

రెండో కొలత బానెట్ కింది ఖాళీ. బానెట్ ముందుకు వాలి ఉంటుంది, దాని కింద బలానికి వేసిన రేకు పట్టీలు ఉంటాయి. కాబట్టి ఒక్కచోట కొలిస్తే చాలదు. నేను చేసేది చెబుతాను. అట్టను 14 అంగుళాల వ్యాసంతో గుండ్రంగా కత్తిరించి, కార్బురేటర్ మెడ మీద పెడతాను. దాని అంచు చుట్టూ నాలుగు వైపులా, మధ్యలో ఒకటి, పిల్లలు ఆడుకునే మెత్తటి బంకమట్టితో నిలువు కడ్డీలు నిలబెడతాను. బానెట్‌ను నెమ్మదిగా, పూర్తిగా మూసి మళ్లీ ఎత్తుతాను. నలిగిన కడ్డీల్లో అన్నిటికన్నా పొట్టిది ఎంత ఉందో అదే నా అసలు ఖాళీ. అందులోంచి ముప్పావు అంగుళం తీసేయాలి. ఎందుకంటే ఇంజిను రబ్బరు దిండ్ల మీద కూర్చుని ఉంటుంది, గట్టిగా యాక్సిలరేటర్ తొక్కితే పక్కకు వాలుతూ లేస్తుంది. ఆ మేరకు వదలకపోతే బానెట్‌కు లోపలి నుంచి సొట్ట పడుతుంది.

మిగిలిన అంకె 4 అంగుళాలు దాటితే సాదా పళ్లెం, 3 అంగుళాల ఫిల్టర్, మూత, నట్టు అన్నీ పడతాయి. అంతకంటే తక్కువైతే మధ్యలో గుంట ఉన్న పళ్లెం కావాలి. అది ఫిల్టర్‌ను దాదాపు ఒక అంగుళం కిందికి దింపుతుంది. అయితే కిందికి దిగే పళ్లెం కింద ఏముందో కూడా చూడాలి. ఎడెల్‌బ్రాక్ మీద చోక్ (చల్లని ఇంజినుకు గాలి తగ్గించే రేకు) నడిపే ఎలక్ట్రిక్ డబ్బా, పెట్రోలు గొట్టం వచ్చి కలిసే మూల, ఈ రెండే పళ్లేనికి తగులుతాయి. వెనకవైపు స్పార్క్ ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ ఉంది. 1972లో వచ్చిన చిన్నది కాకుండా, తర్వాతి కాలపు పెద్ద మూత హెచ్ఈఐ (హై ఎనర్జీ ఇగ్నిషన్) రకం ఎవరైనా మార్చి బిగించి ఉంటే అక్కడా తగలవచ్చు. పళ్లేన్ని మెడ మీద పెట్టి చుట్టూ తిప్పి చూడండి. పెట్రోలు గొట్టానికి రేకు ఆనుకుంటే ఆ పళ్లెం వద్దు. ఒరిపిడికి రంధ్రం పడటం, వేడి ఇంజిను మీద పెట్రోలు కారడం ఎంతో దూరం కాదు. చివరగా చోక్ రేకు నిటారుగా లేచినప్పుడు మూతకు తగలకూడదు.

గొట్టాల సంగతి చాలామంది మరిచిపోతారు. వాల్వ్ కవర్ నుంచి ఎయిర్ క్లీనర్‌కు వచ్చే గొట్టం ద్వారా ఇంజిను లోపలికి శుభ్రమైన గాలి వెళుతుంది. పీసీవీ వాల్వ్ మరోవైపు నుంచి లోపలి ఆవిర్లను లాగేస్తుంది. కొత్త పళ్లేనికి ఆ గొట్టం తగిలించే మూతి ఉందో లేదో చూసి కొనండి. లేకపోతే వాల్వ్ కవర్ మీద విడిగా చిన్న ఫిల్టర్ టోపీ పెట్టాలి. పిస్టన్ రింగులు అరిగిన ఇంజినులో అది నూనె ఆవిరిని బానెట్ కింద చిమ్ముతుంది, ఆ వాసన క్యాబిన్‌లోకి వస్తుంది. ఆ వాసన మా ఆవిడకు అసలు పడదు, కాబట్టి నేను మూతి ఉన్నదే వెతికి తెచ్చాను.

ఇప్పుడు ఫిల్టర్ సైజు. కే అండ్ ఎన్ వాళ్లు ఇచ్చే సూత్రం వాడతాను. ఇంజిను ఘనపుటంగుళాలను గరిష్ఠ ఆర్‌పీఎంతో గుణించి 20,839తో భాగిస్తే ఎన్ని చదరపు అంగుళాలు కావాలో వస్తుంది. 350 ఇంజిను, 5000 ఆర్‌పీఎం అయితే 84. దాన్ని ఫిల్టర్ చుట్టుకొలతతో భాగించి 0.75 కలిపితే ఎత్తు. 14 అంగుళాల ఫిల్టర్‌కు 2.66 వస్తుంది. అంటే 3 అంగుళాల ఎత్తు చాలు, 2 అంగుళాలది ఇరుకు. 250 ఆరు సిలిండర్ల ఇంజినుకు 4000 ఆర్‌పీఎం దగ్గర 48 చదరపు అంగుళాలే. 10 అంగుళాల వ్యాసంతో రెండున్నర అంగుళాల ఎత్తు ధారాళంగా సరిపోతుంది. చిన్న త్రికోణపు క్రోమ్ డబ్బాలు ఈ లెక్కలో నిలబడవు.

చుట్టూ తెరిచి ఉన్న ఫిల్టర్ గురించి ఒక నిజం: అది బానెట్ కింది వేడి గాలినే పీలుస్తుంది. బయట 40 డిగ్రీలుండి లోపల 60 ఉంటే గాలి సాంద్రత సుమారు 6 శాతం తగ్గుతుంది. ఆ గురగుర శబ్దం విని బలం పెరిగిందనుకోవడం మన సరదా, అంతే.

కాగితమా, నూనె పట్టించిన నూలా అని అడిగితే, రోజువారీ బండికి కాగితమే అంటాను. సన్న దుమ్మును అదే బాగా ఆపుతుంది, మాసిపోతే కొత్తది వేస్తాం. నూలు ఫిల్టర్‌ను కడగాలి, ఆరబెట్టాలి, నూనె కొలతగా పట్టించాలి, ఆ ఓపిక ఉన్నవాళ్లు వాడుకోవచ్చు. నురుగు రబ్బరువి మాత్రం కార్బురేటర్ మీద పెట్టను. ఇంజిను వెనక్కి పేలి మంట పైకి వస్తే అడ్డుకునేది ఎయిర్ క్లీనరే, అది తానే అంటుకోకూడదు. ఫిల్టర్ లేకుండా వీధి చివరిదాకా కూడా నడపకూడదనేదీ ఇందుకే.

1950ల నాటి పికప్ అయితే ఆయిల్ బాత్ రకం ఉండవచ్చు. మన ఊళ్లలో ట్రాక్టర్ నడిపినవాళ్లకు ఇది తెలిసిందే. గాలి కిందికి దిగి నూనె మీద ఒక్కసారిగా వెనక్కి మళ్లుతుంది, బరువైన దుమ్ము నూనెలో పడుతుంది. నూనె గీత దాటకుండా పోసి, అడుగున బురద చేరగానే శుభ్రం చేస్తుంటే ప్రదర్శన బండికి అదే అందం. రోజూ తిప్పే బండికైతే ఆ డబ్బా లోపలే కాగితం ఫిల్టర్ అమర్చుకోవచ్చు.

బిగించేటప్పుడు మెడ మీద కొత్త గాస్కెట్ వేయండి. ఫిల్టర్ పై అంచుకూ కింది అంచుకూ వేలితో సన్నగా గ్రీజు రాసి, మూత పెట్టి, నట్టు వేళ్లతోనే బిగించండి. పానా అక్కర్లేదు. అతిగా బిగిస్తే కార్బురేటర్ పైభాగం వంగుతుంది, క్వాడ్రాజెట్‌లలో ఇది పాత జబ్బు. తర్వాత మూత తీసి చూస్తే రేకు మీద గ్రీజు గీత ఎక్కడా తెగకుండా పూర్తి వలయంగా కనిపించాలి. తెగిన చోట దుమ్ముకు దారి ఉన్నట్టే. వంద మైళ్లు తిరిగాక మూత మళ్లీ తీసి, తెల్లగుడ్డతో మెడ లోపలి అంచు తుడవండి. గుడ్డకు మట్టి అంటితే గాస్కెట్ మళ్లీ మార్చండి.