ఇంట్లో వానపాములు పెంచేవాళ్లు ముందు చూసుకోవాల్సింది తడి

కంపోస్టుకూ ఎరకూ ఎర్ర వానపాములు పెంచేవాళ్లు మేత గురించి ఆలోచించినంతగా తడి గురించి ఆలోచించరు. అవి ఊపిరి పీల్చేది చర్మంతోనే. ఒళ్లు ఆరిపోతే చస్తాయి, నీళ్లు నిలిచిపోతే గాలి అందక చస్తాయి. డబ్బాలో వేసిన అట్టముక్కలు, ఎండుటాకులు గుప్పెట్లోకి తీసుకుని గట్టిగా పిండండి. ఒకటి రెండు చుక్కలు రాలితే సరిగ్గా ఉన్నట్టే. ధారగా కారితే పొడి అట్టముక్కలు చింపి కలపండి. చుక్క కూడా రాకపోతే నీళ్లు చిలకరించండి.

కూరగాయల తొక్కలు ఓ మూల పూడ్చండి, పైన పరిస్తే ఈగలు ముసురుతాయి. ఉప్పు, నూనె తగిలినవి అస్సలు వద్దు.

ఎరకు తీసేటప్పుడు మాత్రం దయచేసి జాగ్రత్త. తల వైపు ఉబ్బిన పట్టీ ఉన్నవే గుడ్లు పెట్టేవి. లావుగా ఉన్నాయని వాటన్నిటినీ గాలానికి గుచ్చేస్తే ఇక పిల్లలుండవు, సగమైనా వదిలేయండి. 3-4 మిల్లీమీటర్ల పసుపు గింజలు, నిమ్మకాయ ఆకారంలో కనిపిస్తే అవి గుడ్ల సంచులు. ఒక్కోదాంట్లోంచి సాధారణంగా రెండు మూడు పిల్లలు వస్తాయి. ఎరువు తీసేటప్పుడు వాటిని ఏరి కొత్త డబ్బాలో వేయండి. ఓపిక పనే, కానీ నేనైతే మానను.