సిజేరియన్‌కు ముందు గర్భిణికి ధైర్యం చెప్పడం: నర్సులకు సూచనలు

అమలాపురం, పాలకొల్లు ప్రాంతపు ఆసుపత్రులకు లంక గ్రామాల నుంచి రేవు దాటి వచ్చే గర్భిణుల్లో చాలామందికి కోత కంటే నడుముకు ఇచ్చే మత్తు ఇంజక్షన్ అంటేనే ఎక్కువ భయం. ఆ సూది వల్ల జీవితాంతం నడుం నొప్పి వస్తుందని ఎవరో ఒకరు చెప్పగా విని ఉంటారు. "ఏమీ కాదు, భయపడకమ్మా" అన్నంత మాత్రాన ఆ భయం పోదు కనుక, ముందు పక్కన కూర్చుని ఏమి విన్నారో అడగాలి.

తరువాత, ఏమి చేస్తారో కాక ఆమెకు ఏమి తెలుస్తుందో వరుసగా చెప్పాలి. "మిమ్మల్ని కూర్చోబెట్టి ముందుకు వంగమంటారమ్మా. నడుం మీద చల్లని మందు రాస్తారు. సూది గుచ్చినప్పుడు కాస్త నొప్పి ఉంటుంది, అప్పుడు కదలకూడదు, మీ భుజాలు నేను పట్టుకుంటాను. కొద్ది నిమిషాల్లో కాళ్లు వెచ్చబడి బరువెక్కుతాయి. బిడ్డను తీసేటప్పుడు లాగినట్టు, నొక్కినట్టు తెలుస్తుంది. నొప్పి తెలిస్తే మాత్రం వెంటనే చెప్పండి, మత్తు డాక్టరుగారు అక్కడే ఉంటారు." ఆపరేషన్ అయ్యాక కూడా కొన్ని గంటలు కాళ్లు కదలవని ముందే చెప్పి తీరాలి, చెప్పకపోతే పక్షవాతం వచ్చిందేమోనని తల్లి హడలిపోతుంది.

నొప్పే ఉండదని ఎన్నడూ చెప్పకూడదు. మొదటి సూదికే ఆ మాట అబద్ధమని తేలితే, ఆపైన మనం చెప్పే నిజాలను కూడా ఆమె నమ్మదు. నడుం నొప్పి సంగతీ అంతే: సూది పడిన చోట కొద్ది రోజులు నొప్పి ఉండవచ్చు, ఎక్కువ కాలం ఉండే నడుం నొప్పి మామూలు కాన్పు అయిన తల్లులకూ వస్తుంది. ఇతర ప్రమాదాలను వివరించి అంగీకారం తీసుకోవడం వైద్యుల బాధ్యత, కాబట్టి సందేహం మిగిలి ఉంటే సంతకానికి ముందే వారిని పిలవాలి.

వెంట వచ్చిన అత్తగారిని, అమ్మగారిని పక్కకు నెట్టకూడదు. ముందుగా నిర్ణయించిన ఆపరేషన్‌కు 6 గంటల ముందు నుంచి ఘనాహారం పెట్టకూడదని, మత్తులో వాంతి అయితే అది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చని కారణంతో సహా చెబితే, నీరసపడుతుందని చాటుగా ఇడ్లీ పెట్టరు.

మన వైపు పెద్దగా అర్థం కాకపోయినా మర్యాదకు "అలాగేనండి" అనేస్తారు. అందుకని "ఇదంతా మీ ఆయనకు ఫోన్‌లో ఎలా చెబుతారమ్మా?" అని అడిగి వినాలి, తప్పిపోయిన భాగం ఏదో తెలుస్తుంది, దానినే మరింత తేలిక మాటల్లో మళ్లీ చెప్పాలి.