క్రిస్మస్‌కి టర్కీ వద్దనుకుంటే ఓవెన్‌లో ఏం పెట్టాలి

ఇంగ్లండ్ వచ్చిన కొత్తలో మొదటి క్రిస్మస్‌కి అందరిలాగే మేము కూడా టర్కీ కోడి తెచ్చుకున్నాం, 6 కేజీలది, ఫ్రోజెన్. 24వ తారీఖు పొద్దున ఫ్రీజర్‌లోంచి తీసి ఫ్రిజ్‌లో పెట్టాను, ఒక రోజు చాలులే అనుకున్నా. చాలదండి. ఫ్రిజ్‌లో ఐసు వదలాలంటే కేజీకి 10 నుంచి 12 గంటలు పడుతుంది, అంటే 6 కేజీలకి దగ్గర దగ్గర మూడు రోజులు. 25 పొద్దున చర్చి నుంచి వచ్చి లోపలికి చెయ్యి పెట్టి చూస్తే ఇంకా మంచుగడ్డే. పిలిచినవాళ్ళు వచ్చేశారు, పిల్లలు సాయంత్రం నాలుగింటిదాకా ఆకలితో ఉన్నారు, తీరా కోస్తే పైన బ్రెస్ట్ అంతా ఎండిపోయి పీచులా ఉంది, తొడ ఎముక దగ్గర మాత్రం పచ్చిగా ఎర్రగా ఉంది, మళ్ళీ ఓవెన్‌లో పెట్టాల్సొచ్చింది. ఆ రోజు పిల్లల మొహాలు నాకు ఇప్పటికీ గుర్తే.

ఇందులో కొంత నాకు తెలియక జరిగింది, కొంత ఆ పక్షి తీరే అంత. బ్రెస్ట్ త్వరగా ఉడికిపోద్ది, తొడలకి ఇంకా వేడి ఇంకా టైము కావాలి, పక్షి ఎంత పెద్దదైతే ఈ తేడా అంత పెరుగుతుంది. బాగా వండేవాళ్ళు ఉన్నారు, కాదనను. కానీ ఏడాదికి ఒక్కసారి, అదీ ఇంటినిండా జనం ఉన్న రోజు, చేయి తిరగని వంట పెట్టుకోవడం ఎందుకు చెప్పండి.

టర్కీ లేకపోతే క్రిస్మస్ కాదేమో అని చాలామంది మనవాళ్ళు మొహమాటపడతారు. అసలు టర్కీ ఈ దేశపు పక్షే కాదు, 16వ శతాబ్దంలో అమెరికా ఖండం నుంచి వచ్చింది. 19వ శతాబ్దంలో కూడా ఇక్కడ మామూలు జనానికి క్రిస్మస్ అంటే బాతుజాతి గూస్, ఉత్తరం వైపు బీఫ్. కూలీనాలీ చేసుకునేవాళ్ళు వారం వారం కొన్ని పెన్నీలు గూస్ క్లబ్‌లో కట్టేవాళ్ళు, మన ఊళ్ళో చీటీలు కట్టినట్టే, డిసెంబర్‌లో ఆ డబ్బుతో గూస్ చేతికొచ్చేది. ఇంట్లో ఓవెన్ లేనివాళ్ళు దాన్ని వీధిలో బేకరీకి తీసుకెళ్ళి అక్కడ కాల్పించుకునేవాళ్ళు. ఇప్పటికీ జర్మనీలో చాలా ఇళ్ళల్లో గూసే, స్వీడన్‌లో హామ్ అంటే పంది తొడ మాంసం, పోలండ్‌లో 24 రాత్రి మాంసం ముట్టకుండా కార్ప్ చేప, జపాన్‌లో అయితే 1974 నుంచి కేఎఫ్‌సీ చికెన్. మన గుంటూరు వైపు మటన్, తెలంగాణలో బగారా అన్నం. ఎవరి పండగ భోజనం వాళ్ళది.

సరే, ఎంచుకోవడం ఎలా అంటే ముందు డిష్ గురించి ఆలోచించకండి, వచ్చేవాళ్ళ గురించి ఆలోచించండి. ఫోన్ చేసి సూటిగా అడిగేయండి, "వదినా, మీరు బీఫ్ తింటారా, పోర్క్ తింటారా, అత్తయ్యగారు నీచు తింటారా" అని. నా టేబుల్ దగ్గర బీఫ్ ముట్టని హిందూ ఫ్రెండ్స్ ఉంటారు, హలాల్ మాత్రమే తినే పక్కింటివాళ్ళు ఉంటారు, వెజిటేరియన్ ఒకరిద్దరు ఉంటారు. ఒక్క ఫోన్‌తో సగం లిస్ట్ దానంతటదే పోతుంది.

రెండోది మీ ఓవెన్. ఇక్కడ మామూలు ఫ్లాట్లలో ఉండే ఓవెన్ 60 సెంటీమీటర్ల వెడల్పుది, అందులో పెద్ద ట్రే ఒకటి పెట్టామంటే ఇంక బంగాళాదుంపలకి చోటుండదు. రోస్ట్ పొటాటోస్‌కి 200 డిగ్రీలు కావాలి, గంట కావాలి, అదీ సరిగ్గా వడ్డించే ముందు గంట. అందుకే నేను చూసేది ఒకటే, మాంసం గంట ముందే బయటికి వచ్చేసి, మూత కింద వేడిగా కూర్చోగలదా లేదా. కూర్చోగలిగితే దుంపలకి ఓవెన్ ఖాళీ అవుతుంది, వండిన మనిషి మొహం కడుక్కుని చీర మార్చుకుని అందరితో పాటు కూర్చుంటుంది. ఆఖరి నిమిషం దాకా వంటింట్లో చెమటలు కక్కుతూ నిలబడే వంట ఎంత గొప్పదైనా పండగ రోజు నాకొద్దు.

ఈ లెక్కన నా ఓటు ల్యాంబ్ షోల్డర్‌కి, అంటే గొర్రె ముందు జబ్బ, ఎముకతో. అందరూ లెగ్ కొంటారు, చూడ్డానికి అందంగా ఉంటుందని. కానీ లెగ్‌ని ఇక్కడివాళ్ళు లోపల గులాబి రంగులో ఉండగానే తీసేస్తారు, మన పెద్దవాళ్ళు ఆ రంగు చూస్తే ప్లేటు పక్కన పెట్టేస్తారు, పూర్తిగా ఉడికిద్దామంటే లెగ్‌లో కొవ్వు తక్కువ కాబట్టి గట్టిపడుతుంది. జబ్బలో కొవ్వు, కండరాల మధ్య జిగురు బాగా ఉంటాయి, నెమ్మదిగా నాలుగు గంటలు ఉడికితే అదంతా కరిగి ముక్క వెన్నలా ఊడొస్తుంది, ఒక అరగంట ఎక్కువైనా చెడిపోదు. 2 కేజీల జబ్బ ఐదారుగురికి వస్తుంది, పది మంది ఉంటే రెండు తెచ్చుకోండి. హలాల్ షాపులో తీసుకుంటే అందరూ తినొచ్చు.

ముందు రోజు రాత్రే పని మొదలుపెట్టండి. పైన దట్టంగా ఉన్న తెల్ల కొవ్వు కొంచెం కోసేయండి, వాసన వస్తుందని కొంతమంది అంటారు కదా, ఆ వాసన ఎక్కువగా కొవ్వులోనే ఉంటుంది, పల్చటి పొర ఒకటి మాత్రం ఉంచండి. సన్నటి చాకు మొనతో బొటనవేలి కణుపంత లోతు గాట్లు ఒక పదిహేను పెట్టి, ఒక్కో గాటులో సగం వెల్లుల్లి రెబ్బ, రెండు రోజ్‌మేరీ ఆకులు వేలితో లోపలికి నొక్కండి. 3 టీస్పూన్ల ఉప్పు, 2 టీస్పూన్ల మిరియాల పొడి, ఒక స్పూన్ ధనియాల పొడి, కొంచెం అల్లం వెల్లుల్లి ముద్ద, నూనె కలిపి అంతటా రుద్ది ఫ్రిజ్‌లో పెట్టేయండి. కారం వేయకండి, చివర్లో పెద్ద మంటకి నల్లబడి చేదొస్తుంది.

పొద్దున గంట ముందు బయటపెట్టి, ట్రేలో మూడు ఉల్లిపాయలు లావు చక్రాలుగా పరిచి దాని మీద జబ్బ పెట్టి, గ్లాసున్నర నీళ్ళు పక్కనుంచి పోయండి, మాంసం మీద పోయొద్దు, రుద్దిందంతా కడిగేసినట్టవుతుంది. రెండు పొరల ఫాయిల్ అంచుల దగ్గర గట్టిగా నొక్కి మూయండి, ఆవిరి పోయిందంటే అడుగు మాడుతుంది. 160 డిగ్రీలు, ఫ్యాన్ ఓవెన్ అయితే 140. నాలుగు గంటల తర్వాత ఫాయిల్ ఒక మూల ఎత్తి ఫోర్క్ గుచ్చి మెల్లగా తిప్పండి, ముక్క తనంతట తనే విడిపోతే అయిపోయినట్టు, ఫోర్క్ తిరగనని మొరాయిస్తే ఇంకో అరగంట. అప్పుడు ఫాయిల్ తీసేసి 220కి పెంచి 20 నిమిషాలు, పైన ముదురు గోధుమ రంగు వచ్చి కొవ్వు అంచులు చిటపటలాడతాయి, ఆ వాసనకి పిల్లలు వాళ్ళంతట వాళ్ళే వంటింట్లోకి వస్తారు. తీసి కొత్త ఫాయిల్ కప్పి పైన మందపాటి టవల్ వేస్తే గంటసేపు వేడిగా ఉంటుంది. ఇప్పుడు దుంపలు లోపలికి.

మధ్యాహ్నం 2కి భోజనం అనుకుంటే 8కి ఓవెన్‌లోకి వెళ్ళాలి. చర్చికి వెళ్ళేవాళ్ళు ఓవెన్ ఆన్‌లో పెట్టి ఇల్లు వదిలి వెళ్ళకండి దయచేసి, 24 సాయంత్రమే వండి చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టుకుని, వచ్చాక కొంచెం నీళ్ళు చిలకరించి మూతపెట్టి లోపలిదాకా పొగలు కక్కేలా వేడి చేయండి, రుచి ఇంకా బాగుంటుంది కూడా. ట్రేలో దిగిన రసాన్ని పొడవాటి జగ్గులో పోస్తే పది నిమిషాల్లో కొవ్వు పైకి తేలుతుంది, అది తీసేసి కింది రసాన్ని ఆ ఉల్లిపాయలతో మరిగించి, స్పూన్ మైదా కలిపితే గ్రేవీ అయిపోద్ది. పుదీనా, వెనిగర్, పంచదార కలిపిన మింట్ సాస్ ఇక్కడివాళ్ళు దీనికి తప్పనిసరి అంటారు, మన పుదీనా పచ్చడి కూడా అంతే బాగా కుదురుతుంది.

ల్యాంబ్ రేటు ఎక్కువ అనిపిస్తే కోడి. నవ్వకండి, 2 కేజీల కోళ్ళు రెండు పక్కపక్కన పెట్టి కాలిస్తే ఒక టర్కీ కన్నా తొందరగా అవుతుంది, మెత్తగా ఉంటుంది, పిల్లలకి నాలుగు లెగ్ పీసులు దొరుకుతాయి. 190 డిగ్రీల్లో కేజీకి 45 నిమిషాలు, పైన ఇంకో 20, అంటే ఒక్కో కోడి 2 కేజీలైతే దాదాపు గంటా యాభై నిమిషాలు, రెండూ ఒకే ట్రేలో ఇరుక్కుంటే ఇంకాస్త. థర్మామీటర్ తొడలో లావైన చోట ఎముకకి తగలకుండా గుచ్చితే 75 చూపించాలి. ఒక మాట మాత్రం వినండి, మనకి కోడిని పసుపు ఉప్పు వేసి సింకులో కడిగే అలవాటు, ఇక్కడ ఫుడ్ స్టాండర్డ్స్ ఏజెన్సీ పచ్చి కోడిని కడగొద్దనే చెప్తుంది, కడిగేటప్పుడు చిందే నీళ్ళతో క్యాంపైలోబ్యాక్టర్ అనే బ్యాక్టీరియా పక్కనున్న గిన్నెలకీ సలాడ్‌కీ అంటుతుంది. పేపర్ టవల్‌తో తుడిచి ఆ పేపర్ పారేసి చేతులు సబ్బుతో కడుక్కుంటే చాలు.

గూస్ ఒక్కసారైనా తినాల్సిందే, కానీ 5 కేజీల పక్షి ఆరుగురికి మించి రాదు, ఎముక, కొవ్వే ఎక్కువ. చర్మాన్ని సూదితో గుచ్చి కాల్చాలి, మధ్యమధ్యలో ట్రేలో చేరిన కొవ్వు వంచేయాలి. ఆ కొవ్వులో వేయించిన బంగాళాదుంపలు మాత్రం ఇంకెందులో వేయించినా అలా రావు. బాతు అయితే ఒకటి ముగ్గురికి, ఇద్దరు ముగ్గురే ఉన్న ఇంటికి బాగుంటుంది.

బీఫ్ రిబ్ అందరూ తినేవాళ్ళైతేనే, ఇద్దరికి ఒక ఎముక లెక్క, థర్మామీటర్ లేకుండా దాని జోలికి వెళ్ళకండి. గ్యామన్, అంటే ఉప్పులో ఊరబెట్టిన పంది తొడ, కొంటే గుర్తుంచుకోండి, గ్యామన్ పచ్చిది, ఉడకబెట్టాలి, హామ్ అంటే అప్పటికే ఉడికింది. చేపలు ఇష్టమైతే సాల్మన్ ఒక సైడ్ మొత్తం, అంటే నిలువునా కోసిన సగం చేప, కేజీన్నర లోపుది, 200లో 20, 25 నిమిషాల్లో అయిపోద్ది కాబట్టి దాన్ని చివర్లో పెట్టుకోవచ్చు.

వెజిటేరియన్ చుట్టాన్ని పక్క కూరలతో సరిపెట్టేయడం నాకు నచ్చదు, అందరికీ మధ్యలో ఒక పెద్ద వంట ఉన్నప్పుడు వాళ్ళకీ ఉండాలి. పుట్టగొడుగులు, చెస్ట్‌నట్స్ సన్నగా తరిగి ఉల్లిపాయ, వెల్లుల్లి, మిరియాలతో బాండీలో నీరంతా ఇగిరిపోయేదాకా వేయించండి, గరిటెతో గీరితే అడుగు పొడిగా కనపడాలి, తడి మిగిలితే పేస్ట్రీ అడుగు నానిపోతుంది. పూర్తిగా చల్లారాక రెడీమేడ్ పఫ్ పేస్ట్రీలో చుట్టి 200లో 35 నిమిషాలు. వాళ్ళ దుంపలు నూనెలోనే వేయించండి, గూస్ కొవ్వులో కాదు, గ్రేవీ విడిగా చేయండి. క్రిస్మస్ పుడ్డింగ్ ప్యాకెట్ వెనక కూడా చదవండి, పాత పద్ధతి పుడ్డింగ్‌లో సూయెట్ అంటే బీఫ్ కొవ్వు ఉంటుంది, వెజిటేరియన్‌ది విడిగా దొరుకుతుంది. తెలియక పెట్టేస్తే వాళ్ళు ఏమీ అనరు కానీ మనసులో బాధ పడతారు.

మాంసం ఏదైనా డిసెంబర్ మొదటి వారంలోనే షాపులో చెప్పి పెట్టండి, జబ్బ కావాలంటే ఎముకతో, ముక్కలు కొట్టకుండా అని గట్టిగా చెప్పండి. 25న పెద్ద సూపర్ మార్కెట్లు చట్టప్రకారం మూసేస్తారు, రైళ్ళు కూడా ఉండవు, ఫాయిల్ అయిపోయినా తెచ్చేవాళ్ళుండరు కాబట్టి ఉప్పు నుంచి ఫాయిల్ దాకా 23కే ఇంట్లో ఉండాలి.

మిగిలింది రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి వెళ్ళాలి, రెండు రోజుల్లో తినేయాలి. మా ఇంట్లో 26న ఆ జబ్బ మాంసాన్ని చేత్తో పీచులుగా విడదీసి, బాండీలో ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కరివేపాకు బాగా వేగాక అందులో వేసి, ఇప్పుడు కారం కూడా వేసి, అంచులు కరకరలాడేదాకా వేపుడు చేస్తాను, పక్కన వేడన్నం, పప్పుచారు.