రోమ్‌లో మొదటి రోజు ఇలా తిరగండి

మన నెల్లూరు, కావలి వైపు నుంచి ఎవరైనా చెన్నైలో ఫ్లైట్ ఎక్కి రోమ్ వెళ్తుంటే, మొదటి రోజే ఊరంతా చూసేయాలని హడావిడి పడొద్దు. ఎండాకాలంలో అక్కడి టైమ్ మనకంటే మూడున్నర గంటలు వెనక, కాబట్టి ఎలాగూ తెల్లవారుజామునే మెలకువ వచ్చేస్తుంది, అప్పుడే ట్రెవి ఫౌంటెన్‌కి నడిచి వెళ్లండి, పొద్దెక్కితే అక్కడ తిరునాళ్లే.

కొలోసియం (పాత రోమన్ల కాలం నాటి పోటీల మైదానం) టికెట్ మాత్రం ఇంటి దగ్గరే ఆన్‌లైన్‌లో తీసుకోండి, పేరు పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే ఉండాలి. ఆ టికెట్ మీదే పక్కనున్న రోమన్ ఫోరమ్ (పాత రోమ్ నడిబొడ్డు శిథిలాలు), పాలటైన్ కొండ కూడా చూడొచ్చు. ఫోరమ్‌లో నీడ తక్కువ. ఒంగోలు ఎండలు చూసినోళ్లం మనకేంటి అనుకోకుండా టోపీ పెట్టుకోండి.

నీళ్ల బాటిళ్లు కొనడం దండగ. వీధుల్లో నాసోనే అనే ఇనుప కుళాయిలు ఉంటాయి, ఆ గొట్టం మూతిని వేలితో మూస్తే పైనున్న చిన్న కన్నంలోంచి నీళ్లు చిమ్ముతాయి, వంగి తాగేయడమే.

మధ్యాహ్నం పాంథియన్ అనే రోమన్ల కాలం నాటి కట్టడానికి వెళ్లండి. 43 మీటర్ల ఎత్తు గుమ్మటం, నడినెత్తిన పెద్ద కన్నం, వానొస్తే లోపలే పడుతుంది. అది ఇప్పటికీ చర్చి, భుజాలు కనిపించే బట్టలొద్దు.

తిండి చప్పగా అనిపిస్తే బ్యాగులో కారప్పొడి ఉంటే చాలు. బస్సులో కాగితం టికెట్ అయితే ఎక్కగానే మెషిన్‌లో పెట్టి ముద్ర వేయించుకోండి, లేకపోతే ఫైన్ కట్టాలి.