చలికాలంలో పెరటి కోళ్లను, మామిడి చెట్లను ఎలా చూసుకోవాలి?

కార్తీకం దాటి మంచు మొదలైతే కోళ్ల పని పెరుగుతుంది. కాపుకు వచ్చిన మామిడి విషయంలో మాత్రం చాలా పనులు ఆపేయాలి. ఆపడమే కష్టం, చెట్టు దాహంతో ఉందనిపిస్తే చేయి ఊరుకోదు కదా!

ముందు గూడు చూడండి. తడిసిన పాత ఊక తీసేసి, 2 అంగుళాల మందాన పొడి వరి ఊక పరవండి. తడి ఊక నుంచి వచ్చే అమ్మోనియా ఘాటుకు కోళ్ల కళ్లు మండుతాయి, ఊపిరి జబ్బులు వస్తాయి. రాత్రి చలిగాలి తగిలే వైపు గోనె పట్టాలు కట్టండి. అయితే పైన జానెడు ఖాళీ తప్పకుండా వదలండి. గాలి ఆడని గూడు చలికంటే ప్రమాదం.

గుడ్లు తగ్గడానికి చలికంటే పొట్టి పగలే పెద్ద కారణం. డిసెంబరులో మనకు పగలు సుమారు 11 గంటలే. తెల్లవారుజామున 4 గంటలకు గూట్లో బల్బు వేస్తే ఆ లోటు తీరుతుంది. సాయంత్రం వద్దు, హఠాత్తుగా చీకటైతే కోళ్లు దండెం ఎక్కలేవు. కోడిపిల్లలకు వేడి బల్బు పెట్టినప్పుడు వాటినే గమనించండి: కింద గుంపుగా నక్కితే చలి, దూరంగా జరిగితే వేడి ఎక్కువ.

కొక్కెర తెగులు (రాణిఖేత్ అనే కోళ్ల అంటువ్యాధి) టీకా ఇంకా వేయించకపోతే పశువైద్యశాలకు వెళ్లండి. టీకా మందును ఐసు మీదే తీసుకురావాలి.

ఇక మామిడి. కాపు చెట్లకు నవంబరు నుంచి నీళ్లు ఆపండి. నీళ్లు, నత్రజని అందితే పూతకు బదులు చిగురు వస్తుంది. కోళ్ల రెట్టలో నత్రజని ఉంటుంది, అందుకే గూట్లోంచి తీసిన ఊకను పాదుల్లో వేయకండి. రాలిన ఆకులతో కలిపి గుంతలో మాగనివ్వండి, తొలకరికి మంచి ఎరువవుతుంది. ఆకులన్నీ భోగి మంటకు పోతే నాకు ప్రాణం ఉసూరుమంటుంది! లేత మొక్కలకు మాత్రం నీళ్లు మానవద్దు.

పూతకు ముందే చెట్టు కింద మట్టిని పైపైన కదిలించి కోళ్లను వదలండి. మట్టిలో దాగిన పండు ఈగ కోశాలను (ప్యూపాలను) అవి ఏరుకు తింటాయి. ఎండుపుల్లలు తీయవచ్చు, పచ్చి కొమ్మలు కోయవద్దు. పూత వచ్చేది కొమ్మల చివరనే.

పూత మీద తెల్లటి పొడి కనిపిస్తే అది బూడిద తెగులు. నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు కలిపి, మంచు ఆరాక పిచికారీ చేయండి. ఆ రోజు కోళ్లను కట్టేయండి. పూలు విచ్చుకున్నప్పుడు పురుగుమందు కొట్టకండి, పరాగసంపర్కం చేసే ఈగలు చస్తాయి. పిందెలు బఠాణీ గింజంత అయ్యాక మళ్లీ నీళ్లు పెట్టండి.