.308 విన్‌చెస్టర్ రైఫిల్ తూటాను ఇంట్లో నింపుకునేటప్పుడు బుల్లెట్ బరువు మారితే తుపాకీ మందు మోతాదు ఎలా సరిచేసుకోవాలి?

150 గ్రెయిన్ల (ఒక గ్రెయిన్ సుమారు 0.065 గ్రాములు) బుల్లెట్‌కి గరిష్ఠంగా పోసే మందునే 180 గ్రెయిన్ల బుల్లెట్‌కీ పోస్తే రైఫిల్ పగలొచ్చు. బరువైన బుల్లెట్ చోటు వదలడానికి ఆలస్యం చేస్తుంది. ఈలోగా గ్యాసు పోగై ప్రెషర్ ఎగబాకుతుంది. పైగా అది పొడవెక్కువ. తూటా మొత్తం పొడవు 2.810 అంగుళాలు దాటకూడదు కాబట్టి బుల్లెట్ కేసులోకి (మందు పోసే లోహపు గొట్టంలోకి) లోతుగా దిగి, మందుకు ఉన్న చోటునూ తగ్గిస్తుంది. అమెరికాలో తూటాల ప్రమాణాలు నిర్ణయించే సంస్థ సామీ (SAAMI) పెట్టిన ప్రెషర్ హద్దు చదరపు అంగుళానికి 62,000 పౌండ్లు, బుల్లెట్ ఎంత బరువున్నా అదే.

(ఇలా ఇంట్లో తూటాలు నింపుకోవడం అమెరికాలో చట్టబద్ధమైన హాబీ. మన దేశంలో లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం 1959 ఆయుధాల చట్టం కింద నేరం.)

వేగం మాత్రం అనుకున్నంత పడిపోదు. ఫ్యాక్టరీ తూటాల్లో 150 గ్రెయిన్లది సెకనుకు సుమారు 2,820 అడుగులైతే, 180 గ్రెయిన్లది 2,620. అంటే బరువు 20 శాతం పెరిగితే వేగం తగ్గింది 7 శాతమే. శక్తి ఇంకాస్త ఎక్కువే.

1. రీలోడింగ్ మాన్యువల్‌లో (మందు మోతాదుల పట్టికలున్న పుస్తకంలో) మీ బుల్లెట్, మీ మందు ఉన్న వరుసనే పట్టుకోండి. బరువు కలిసిందని వేరే బుల్లెట్ లెక్క వాడొద్దు. పూర్తి రాగి బుల్లెట్ అదే బరువున్న సీసం బుల్లెట్ కన్నా పొడవు, దాని లెక్కే వేరు.

2. బల్ల మీద ఒక్క మందు డబ్బానే ఉంచండి. త్రాసును చెక్ వెయిట్‌తో (కచ్చితమైన బరువు తెలిసిన తూకపు రాయితో) సరిచూసుకోండి. కేసు పొడవు 2.015 అంగుళాలు దాటితే ట్రిమ్ చేయండి.

3. మాన్యువల్ ఇచ్చిన ప్రారంభ మోతాదుతోనే మొదలుపెట్టండి. గరిష్ఠం ఒక్కటే ఇస్తే 10 శాతం తగ్గించండి. అంతకన్నా కిందికి పోకండి, నెమ్మదిగా కాలే మందు సరిగా అంటుకోక బుల్లెట్ బ్యారెల్‌లో ఇరుక్కోవచ్చు.

4. 0.3 గ్రెయిన్ల చొప్పున పెంచుతూ, ప్రతి మెట్టులో బుల్లెట్ వేగాన్ని క్రోనోగ్రాఫ్ (వేగం కొలిచే పరికరం) మీద కొలవండి. మాన్యువల్ వేగాలు ఎక్కువగా 24 అంగుళాల బ్యారెల్‌వి. మీది 20 అంగుళాలైతే సెకనుకు ఓ వంద అడుగులు తగ్గడం మామూలే. ఆ లోటు పూడ్చాలని మందు పెంచొద్దు.

గరిష్ఠ మోతాదు చేరకముందే మాన్యువల్ వేగం వచ్చేసిందా? ప్రెషర్ కూడా వచ్చేసినట్టే, అక్కడ ఆగండి. ప్రైమర్ (కేసు అడుగున మందును అంటించే చిన్న మూత) చదునవడం, రైఫిల్ బోల్ట్ బిగుసుకోవడం, కేసు అడుగున ఎజెక్టర్ (ఖాళీ కేసును బయటికి నెట్టే భాగం) వల్ల పడే మెరుపు మచ్చ కనబడేసరికి చాలాసార్లు హద్దు దాటేసి ఉంటారు. మిగిలిన తూటాలు కాల్చి చూడొద్దు, పుల్లర్‌తో బుల్లెట్లు ఊడదీసి మందు వెనక్కి తీయండి.