ఆల్డాక్టోన్ మొదలెట్టే ముందు మగవాళ్లు చూసుకోవాల్సినవి

గుండె బలహీనంగా ఉందనో, కాలేయం చెడి పొట్టలో నీరు చేరిందనో డాక్టరు స్పైరోనోలాక్టోన్ రాస్తారు. మెడికల్ షాపులో ఆల్డాక్టోన్ పేరుతో దొరికేది ఇదే. దీనితో కొందరు మగవాళ్లకి రొమ్ము పెరుగుతుంది, కాబట్టి మాత్రలు తెచ్చుకున్న రాత్రే ఒక పని చేయండి. వెల్లకిలా పడుకుని, బొటనవేలు, చూపుడువేలుతో రెండు పక్కల నుంచి చనుమొన వైపు మెల్లగా నొక్కుతూ రండి. వేళ్లకి ఏదీ అడ్డురాకపోతే అక్కడున్నది కొవ్వే. మొన కిందే రబ్బరు బిళ్లలా తగిలితే రొమ్ము గ్రంథి. ఏది తగిలిందో తేదీతో సహా చీటీ వెనక రాసిపెట్టుకోండి. నేను రాసుకోలేదు. "ఎప్పుడు మొదలైంది?" అని డాక్టరు అడిగితే సంక్రాంతికి ముందా, తర్వాతా అని నేనూ మా ఆవిడా ఆయన ముందే వాదించుకున్నాం.

ఈ మందు మగ హార్మోను పనికి అడ్డుపడుతుంది. రొమ్ము పెరిగేది అందుకే. గుండె బలహీనమైనవాళ్ల మీద చేసి 1999లో వెలువరించిన రేల్స్ అనే అధ్యయనంలో ఈ మాత్ర వాడిన మగవాళ్లలో నూటికి 10 మందికి రొమ్ము పెరగడమో నొప్పో వచ్చింది. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో నూటికి ఒక్కరికే. అక్కడ ఇచ్చింది రోజుకు సుమారు 25 మిల్లీగ్రాములు. పొట్టలో నీటికైతే మామూలుగా 100తోనే మొదలెడతారు, కాబట్టి వాళ్లు ఇంకా కనిపెట్టుకుని ఉండాలి.

పెరిగింది కంటికి కనబడేలోపే నొప్పి తెలియవచ్చు. నాకు స్కూటర్ మీద తెలిసింది. తిరుపతిలో లీలామహల్ సర్కిల్ దాటాక స్పీడు బ్రేకరు ఎక్కి దిగితే బనియన్ రాసుకుని చురుక్కుమంది. చెమటకాయలేమో అని పౌడరు చల్లుకుని ఊరుకున్నాను. మీరు ఊరుకోకండి, ఆ వారమే డాక్టరుకి చెప్పండి. మొదటి నెలల్లో మందు మారిస్తే చాలామందికి తగ్గుతుంది. ఏడాది దాటితే గ్రంథి నారలా గట్టిపడుతుంది, ఆ తర్వాత మందు మానినా పూర్తిగా పోకపోవచ్చు, ఆపరేషనే దారి అవుతుంది.

అలాగని సొంతంగా ఆపేయకండి. కొండమీద కళ్యాణకట్టలో చొక్కా విప్పి కూర్చుంటే మా బామ్మర్ది కొడుకు "ఏంది మామా, ఇట్లా పెరిగినాయి?" అని నవ్వాడు. కొండ దిగిన రోజే మాత్ర మానేశాను. పదో రోజుకి కాళ్లు వాచి చెప్పులు పట్టలేదు, మేడ మెట్లు నాలుగు ఎక్కితే ఆయాసం. ఆపమని కాదు, మార్చమని అడగాలి. ఎప్లెరినోన్ అని ఇంకో మాత్ర ఉంది, రొమ్ము మీద ప్రభావం బాగా తక్కువ, ఖరీదు ఎక్కువ. అది మీకు పడుతుందో లేదో డాక్టరే చెప్పాలి.

ప్రోస్టేటుకి బైకాలుటమైడ్, ఫినాస్టరైడ్, మానసిక సమస్యలకి రిస్పెరిడోన్, గుండెకి డిజాక్సిన్ వాడేవాళ్లకీ రొమ్ము పెరగవచ్చు. జిమ్ముల్లో కండల కోసం పొడిపించుకునే స్టెరాయిడ్ ఇంజెక్షన్ల సంగతి వేరే చెప్పాలా! రొమ్ము తగ్గిస్తామనే నూనెలకి డబ్బు తగలేయకండి, నలిపితే నొప్పి పెరుగుతుంది, అంతే.

ఆల్డాక్టోన్‌తో ఇంకో చిక్కు, ఒంట్లో పొటాషియం పెరుగుతుంది. ఎండాకాలం కదా అని తిరుపతి రోడ్ల పక్కన కొబ్బరిబోండాలు వరసగా తాగేయకూడదు. సోడియం తక్కువని అమ్మే ఉప్పూ వద్దు. రక్తపరీక్ష ఎప్పుడు చేయించాలో మొదటిరోజే అడగండి.

బట్టల విషయానికొస్తే, మెత్తటి నూలు బనియన్, దాని మీద ముదురు రంగు గళ్ల చొక్కా చాలు. బిగుతు బనియన్లు మన ఎండకి పొక్కులు తెస్తాయి, పడుకునేటప్పుడైతే అసలు వద్దు. అలిపిరి మెట్లు 3,550 ఎక్కేవాళ్లు బయల్దేరేముందు చనుమొనలకి కాస్త వాజలీన్ రాసుకోండి. ఆర్జిత సేవకి పైపంచె ఇబ్బందనిపిస్తే కుర్తా పైజామాతో వెళ్లవచ్చు. గంగజాతరలో చీర కట్టి వచ్చిన మగవాళ్లకి దండం పెట్టే ఊళ్లో నాకెందుకు అంత సిగ్గేసిందో!

ఒకవైపే గట్టిగా, మొనకి పక్కగా గడ్డ తగిలినా, చర్మం లోపలికి లాగినా, మొన నుంచి రక్తం వచ్చినా, చంకలో గడ్డ కట్టినా మందు మీదకి తోసేయకుండా వెంటనే చూపించాలి. రొమ్ము క్యాన్సర్లలో నూటికి ఒకటి మగవాళ్లదే. వృషణంలో గడ్డ తగిలితే అదీ దాచకండి. డాక్టరు చొక్కా విప్పమనకపోతే మీరే విప్పి చూపించండి. నేను మూడోసారి వెళ్లినప్పుడు గానీ ఆ పని చేయలేదు.

మాత్ర మార్చి ఏడు నెలలైంది. నొప్పి మూడో వారానికే పోయింది. కుడివైపు బిళ్ల కరిగింది, ఎడమవైపుది ఇంకా అర్ధరూపాయంత ఉంది.